డాక్టరు గారి తోడు

ఎవరైనా ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టి "నిర్మొహమాటంగా చెప్పండి" అంటే, ఆ మనిషికి కావలసింది మొహమాటమేనని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీకు అన్నేళ్ళు పట్టకూడదని ఇది రాస్తున్నాను. ఇప్పుడు ల్యాబుల్లో, రుచి చూసి తీర్పు చెప్పే ఉద్యోగాల్లో మన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. అందుకని నా మాట కాస్త ఘాటుగా ఉంటే సర్దుకోండి. సర్దుకోకపోయినా నాకు పోయేదేమీ లేదు. రిటైరైన మనిషిని, ఒకరి మొహం చూసి మాట్లాడాల్సిన అవసరం ఎప్పుడో తీరిపోయింది.

డెబ్బైల చివరినుంచి ఎనభైల చివరిదాకా నేను డెట్రాయిట్‌లో ఒక బీరు కంపెనీ ల్యాబులో మైక్రోబయాలజిస్టుని. ఇల్లు ఆ పక్కనే, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. నా ఉద్యోగం గురించి ఇంత సూటిగా అప్పట్లో ఎవరిముందూ చెప్పింది లేదు. "మా ఆవిడ ఫుడ్ కంపెనీలో చేస్తుందండీ" అని మావారు పరిచయం చేసేవారు. ఆయన బ్యాంకులో అకౌంటెంటు. అంకెల దగ్గర నిప్పులాంటి మనిషి, మాటల దగ్గరికొస్తే మాత్రం ఎటు వంచితే అటు వంగుతారు. "బార్లీ ఫుడ్డే కదా, అందులో అబద్ధమేముంది?" అని నాకే ఎదురు ప్రశ్న వేసేవారు.

గుట్టు ఎన్నాళ్ళు దాగుతుంది? "ఆవిడ రోజూ పొద్దున్నే ఆఫీసులో బీరు తాగుతుందిట" అని ఊళ్ళో తెలుగువాళ్ళ వంటిళ్ళలో చెప్పుకున్నారు. నిజమే, తాగేదాన్ని. ల్యాబులో వాళ్ళమే కొందరం ప్యానెల్లో కూర్చుని రుచి చూడాలి, అది ఉద్యోగంలో భాగం. ఆ ప్యానెల్ కోసం నేను పడ్డ పాట్లు మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. ముందురోజు ఉల్లి, వెల్లుల్లి, ఆవకాయ ముట్టకూడదు. పొద్దున కాఫీ ఉండదు, రెండు బ్రెడ్డు ముక్కలు తిని వెళ్ళాలి. సెంటు కూడదు, లిప్‌స్టిక్ కూడదు. ఒకసారి తలకు కొబ్బరినూనె రాసుకుని వెళితే మా బాసు తలుపు దగ్గరే ఆపేశాడు. నాలుగు గుక్కల కోసం ఇంత నిష్ఠ. సత్యనారాయణ వ్రతానికి కూడా నేనంత మడి కట్టుకున్నది లేదు.

మా బాసు తాతల కాలంనుంచి బీరు కాచే జర్మన్ కుటుంబం వాడు. పెద్దమీసాల ముసలాయన. బాగుంది, బాగులేదు అనే మాటలు ఆయన గదిలో నిషేధం. గ్లాసులో ఏముందో అదే చెప్పాలి. ఉడికిన మొక్కజొన్న వాసనా, వెన్న వాసనా, పచ్చి ఆపిల్ వాసనా, తడిసిన అట్టపెట్టె వాసనా? చెప్పు, ఎంత ఉందో చెప్పు, నోరు మూసుకో. ఇంతే. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. మనవాళ్ళ ఇళ్ళల్లో కూర ఎలా ఉందని అడిగితే గొంతు దిగకముందే "అద్భుతం" అనాలి. అలా పెరిగిన నాకు, ఉన్నది ఉన్నట్టు చెబితే జీతమిచ్చే చోటు ఒకటుందంటే స్వర్గంలా తోచింది.

అంతలో ఇంట్లో బీరు కాచుకోవడం తప్పు కాదని ప్రభుత్వం చట్టం మార్చింది. మా ఊళ్ళో తెలుగువాళ్ళలో ముందుగా గరిట పట్టింది ఒక గుండె డాక్టరు గారు. ఈ డాక్టరు గారి గురించి కాస్త చెప్పాలి. కొత్తగా ఈ దేశం వచ్చిన తెలుగువాడెవడైనా మొదట దిగేది ఆయన ఇంట్లోనే. ఉద్యోగానికి మాట సాయం, అద్దె ఇంటికి పూచీ, పిల్లలకు జ్వరమొస్తే మందు, అన్నీ ఆయనే. మంచివాడే, కాదనను. కానీ అందరికీ ఏదో ఒకటి చేసిపెట్టిన మనిషితో చిక్కేమిటంటే, ఆయన ఏది చేసినా బాగుందనక తప్పదు. ఆయన పాడితే సంగీతం, ఆయన వండితే నలభీమపాకం. ఇక బీరు గురించి చెప్పాలా?

నా గురించి వంటిళ్ళలో గుసగుసలాడిన ఇళ్ళనుంచే ఇప్పుడు సీసాలు రావడం మొదలైంది. నా చేతికి కాదు, మావారి చేతికి. ఆడదాని చేతికి బీరు సీసా ఇస్తే మర్యాదగా ఉండదు కదా! "వదినగారిని ఒకసారి చూడమనండి, నిర్మొహమాటంగా చెప్పమనండి" అని కబురు. మొదటి సీసా సహజంగానే డాక్టరు గారిది. దాన్ని నేను ల్యాబులో గ్లాసులో పోసి చూసినట్టే చూశాను. సాయంత్రం మావారితో చెప్పాను:

"లవంగం వాసన ఉంది. దాని వెనక ఆసుపత్రి గచ్చు కడిగిన వాసన. బీరుని పులియబెట్టే ఈస్టులో వేరే ఏదో కలిసింది. ప్లాస్టిక్ బకెట్టు, గొట్టాలు పారేసి, కొత్త ఈస్టుతో మళ్ళీ చెయ్యమనండి."

మావారి మొహం పాలిపోయింది. ఫోను తీసి, నా ఎదురుగానే డాక్టరు గారికి చేశారు. "ఆఁ, చూసిందండీ. చాలా బాగుందిట. లవంగం ఫ్లేవర్ కూడా బ్రహ్మాండంగా వచ్చిందిట!"

ఫోను పెట్టాక నేను ఏమన్నానో రాయను. ఆయన మాత్రం "ఆయన మనకి ఎంత చేశాడే! ఒక్క సీసా దగ్గర పట్టుబట్టాలా?" అన్నారు. ఆ ఒక్క సీసాయే కొంప ముంచింది. తర్వాత వారం ఎవరింట్లోనో భోజనాల దగ్గర డాక్టరు గారు నాకు ఎదురొచ్చి "చెల్లెమ్మా, లవంగం పట్టేశావే! అది యూరోపియన్ స్టైల్. ఈ ఊళ్ళో ఎవరికీ అంతు పట్టలేదు" అని పదిమందిలో పొగిడారు. నేను లవంగం ఒక్కటే కాదని చెప్పబోయాను. అప్పటికే ఆయన పులిహోర దగ్గరికి వెళ్ళిపోయారు. రోజంతా ఆసుపత్రిలో తిరిగే మనిషికి ఆసుపత్రి వాసన తెలియకపోవడంలో వింతేముంది? వింత ఏమిటంటే, చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆ మర్నాటినుంచి తమ గ్లాసుల్లో లవంగం వెతుక్కోవడం.

వెతుక్కోవడమే కాదు, వాళ్ళకు దొరికింది కూడా. ఆ ఏడాది మా ఇంటికొచ్చిన ప్రతి సీసాలోనూ అదే వాసన. ఒకటి కెమిస్ట్రీ ప్రొఫెసరు ఇంటినుంచి, ఒకటి పళ్ళ డాక్టరు ఇంటినుంచి, మరొకటి ఊరికి ఆ చివరనున్న కొత్త దంపతులనుంచి. ఎవరి బకెట్టు వాళ్ళది, ఎవరి నీళ్ళు వాళ్ళవి, తప్పు మాత్రం అందరిదీ ఒకటే. ఒకరి పొరపాటు ఇంకొకరి పొరపాటుతో ఇంత చక్కగా అతకడం నేనెప్పుడూ చూడలేదు. నాకు అర్థం కాక, బాసుకి చూపించాను. ముసలాయన వరసపెట్టి వాసన చూసి, "ఇవన్నీ ఒకే ఇంటివి" అన్నాడు. కాదు, వేరు వేరు ఇళ్ళవన్నాను. "అయితే ఒకే తల్లి పిల్లలు" అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ తల్లి ఎవరో నాకు చెప్పింది ఒక ఇంజినీరు భార్య. వీళ్ళది గుంటూరు వైపు. ఆయన కార్ల కంపెనీలో పనిచేసేవాడు. ఎనభైల మొదట్లో డెట్రాయిట్ చుట్టూ ఉద్యోగాలు ఎలా ఊడాయో పెద్దవాళ్ళను అడగండి. ఈయనదీ ఊడింది. ఆమె ఒక బట్టల షాపులో క్యాషియర్‌గా చేరి ఇద్దరు పిల్లలతో ఇల్లు నెట్టుకొస్తోంది. ఒకరోజు మధ్యాహ్నం తువ్వాల్లో చుట్టిన సీసాతో నేరుగా నా దగ్గరికి వచ్చింది. మావారిని దాటి నా చేతికి సీసా ఇచ్చిన మొదటి మనిషి ఆమె.

"అక్కా, ఆయనకి నార్త్ కరోలినాలో జాబ్ ఆఫర్ వచ్చింది. క్యారీ దగ్గర మెషీన్ పార్ట్స్ ప్లాంట్. నెలాఖరులోగా ఆన్సర్ చెప్పమన్నారు. ఈయన వెళ్ళనంటున్నాడు."

"ఎందుకు?"

"బ్రూవరీ పెడతాట్ట. కాలిఫోర్నియాలో ఎవరో చిన్న చిన్నవి పెడుతున్నారని చదివాడు. డాక్టరు గారి బేస్‌మెంట్‌లో అందరూ ఈయన బీరు సూపర్ అంటున్నారుగా. డాక్టరు గారేమో 'ముందుకెళ్ళు, నేనున్నాను' అన్నారట. నాకు బీరంటే తెలీదక్కా, దాని టేస్ట్ కూడా తెలీదు. ఆయనంటే తెలుసు. ఎవరో ఒకరు కాదు అని మొహమ్మీద చెబితే తప్ప ఆగడు. బాగుంటే బాగుందనండి, నేను షాపులోనే ఇంకో షిఫ్ట్ చేస్తాను. లేకపోతే లేదనండి."

ఆమె ఎదురుగానే సీసా తీసి పోశాను. మళ్ళీ అదే లవంగం, అదే గచ్చు. కానీ ఈ సీసాలో ఆ వాసన వెనక ఇంకొకటి ఉంది. మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ రుచి, శుభ్రంగా ఉంది. చేదు ఎక్కడుండాలో అక్కడుంది. నురగ సన్నగా, నిలకడగా ఉంది. ఆ తప్పు ఒక్కటి తీసేస్తే, మా ప్యానెల్లో పెట్టినా తల వంచుకోనక్కర్లేని పని అది. అందరి సీసాలూ తాగి విసిగిపోయిన నాకు ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది.

"ఈస్టు ఎక్కడ కొంటాడు?" అన్నాను.

"కొనడం ఎందుకండీ? డాక్టరు గారు తోడు ఇచ్చారుగా."

ఈ ఒక్క ముక్కతో అన్ని సీసాల కథా తేలిపోయింది. మీలో చాలామందికి తెలియదేమో, ఇక్కడి షాపు యోగర్ట్‌తో మన పెరుగు తోడుకోదని, ఒకరింటినుంచి ఒకరం చిన్న గిన్నెల్లో తోడు తెచ్చుకునే రోజులవి. మంచి తోడు ఉన్న ఇల్లాలికి ఊళ్ళో ఒక గౌరవం. డాక్టరు గారు బీరుకి కూడా అదే వైభవం కల్పించారు. మొదటిసారి బకెట్టు అడుగున మిగిలిన ఈస్టు మడ్డిని జామ్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచి, రెండోదానికి వేశారు. రెండోదాని మడ్డి మూడోదానికి. గాలిలో తిరిగే ఏ ఈస్టు అందులో ఎప్పుడు దూరిందో ఆయనకే తెలియదు. ఆ తోడునే ఊళ్ళో బీరు కాస్తానన్న ప్రతివాడికీ చేత్తో పంచిపెట్టారు. దాన్ని వద్దనే ధైర్యం ఎవరికుంది? మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఒకటి చెబుతుంది. ఇక్కడ రాస్తే బాగుండదు.

మర్నాడు ఇంజినీరు వచ్చాడు. సోఫా అంచున కూర్చున్నాడు. నెమ్మది మనిషి, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగి మాట్లాడతాడు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను.

"మా కంపెనీలోనూ ఈస్టు మళ్ళీ మళ్ళీ వాడతామండీ. కానీ ప్రతిసారీ మైక్రోస్కోపు కింద చూస్తాం, కొన్నిసార్లు వాడాక పారేస్తాం. పెరుగు సంగతి వేరు. దాని పులుపే దానికి కాపలా, వేరేదాన్ని త్వరగా రానివ్వదు. తియ్యటి బార్లీ నీళ్ళకి ఆ కాపలా లేదు, తలుపు తీసిన ఇల్లు. మీ పని బాగుంది. తోడు చెడింది."

విన్నాడు, ఇంజినీరు కాబట్టి ఇట్టే అర్థమయింది. అర్థమయ్యాక అడిగిన ప్రశ్న చూడండి: "డాక్టరు గారికి తెలిస్తే ఫీలవుతారేమోనండీ?"

నాకు ఒళ్ళు మండింది. "మీ ఇల్లు, మీ ఉద్యోగం పణంగా పెట్టి ఆయన ఫీలింగ్ కాపాడతారా?"

తల వంచుకున్నాడు. "ఈ దేశంలో దిగినప్పుడు నన్ను ఎయిర్‌పోర్ట్‌నుంచి తీసుకెళ్ళింది ఆయనే వదినగారూ. మా ఆవిడ డెలివరీకి ఆయనే కార్లో తీసుకెళ్ళారు. నేను అప్పుడు ప్లాంట్‌లో ఉన్నాను." ఇలాంటివి మనిషి ఎదుట పెడితే కోపం కూడా సగంలో ఆగిపోతుంది. చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు. ఒకేసారి కాచినదాన్ని రెండు భాగాలు చేస్తాడు. ఒక సగానికి డాక్టరు గారి తోడు, ఇంకో సగానికి కొత్త ఈస్టు. మా కంపెనీ ఈస్టు బయటికి ఇస్తే నా ఉద్యోగం ఊడుతుంది కాబట్టి, షాపులో కొత్త ప్యాకెట్ కొన్నాను. కొంచెం ల్యాబుకి తీసుకెళ్ళి చూసి, శుభ్రంగా ఉందని తేల్చుకున్నాకే ఆయనకిచ్చాను. నెలాఖరు ఆదివారం డాక్టరు గారింట్లో బీరు పోటీ ఉంది. రెండు సీసాలూ అక్కడ పెడదామన్నాడు. "గుర్తు తెలియకుండా అందరూ రుచి చూసి ఏది బాగుందంటే దాన్నిబట్టి డిసైడ్ చేస్తానండీ. కొత్త ఈస్టుది గెలిస్తే బ్రూవరీ. లేకపోతే క్యారీ."

భార్య నా వైపు చూసింది. సైన్సు తెలిసిన మనిషిని కదా, నేను కూడా సరేనన్నాను. ఇంత చక్కటి ప్రయోగం మా ల్యాబులో కూడా చాలాసార్లు జరగదు. రుచి చూసే నోళ్ళ సంగతి నేను అప్పుడు ఆలోచించలేదు.

ఆదివారం వచ్చింది. డాక్టరు గారి ఇల్లు కిక్కిరిసిపోయింది. ఆడవాళ్ళు పైన వంటింట్లో, మగవాళ్ళు కింద బేస్‌మెంట్‌లో. నేను మెట్లు దిగుతుంటే వంటింట్లో మాటలు ఆగిపోయాయి. ఆగనీ, నాకేం! కింద టేబుల్ టెన్నిస్ బల్ల మీద సీసాలకు కాగితపు సంచులు తొడిగి, వాటిమీద అంకెలు వేశారు. ఓట్లయ్యాక సంచి తీస్తే, ఎవరి సీసా వాళ్ళు నాదని చెప్పుకోవాలి. అంతవరకూ బాగానే ఉంది. వాటి పక్కన పెద్ద పళ్ళెంలో మిరపకాయ బజ్జీలు. ఒక బజ్జీ కొరికి ఒక గుక్క, ఇంకో బజ్జీ కొరికి ఇంకో గుక్క. మా బాసు అక్కడ ఉంటే మీసాలు పీక్కునేవాడు.

డాక్టరు గారు చప్పట్లు కొట్టి అందరినీ నిశ్శబ్దం చేశారు. "మన చెల్లెమ్మ బీర్ ఎక్స్‌పర్ట్. ఈ రోజు మనకి జడ్జి. బట్, ముందు మనం డెమోక్రటిక్‌గా వోట్ చేద్దాం. తర్వాత చెల్లెమ్మ కన్ఫర్మ్ చేస్తుంది!"

కన్ఫర్మ్ చెయ్యడం! అప్పుడే పైకి వెళ్ళిపోవాల్సింది. ఆ ఇంజినీరు మొహం చూసి ఆగిపోయాను.

ఎవరికి వారు నోరు మూసుకుని రుచి చూస్తారేమో అనుకున్నాను. ఎక్కడిది? ప్రతి సీసా ముందు డాక్టరు గారు పుచ్చుకోవడం, కళ్ళు మూసుకోవడం, "ఆఁ, లవంగం!" అనడం, చుట్టూ తలలు ఊగడం. గంగిరెద్దులు నయం, అవి సన్నాయి వాయించాకే తల ఊపుతాయి. మధ్యలో ఒక సీసా వచ్చింది. నేను వాసన చూశాను. నా అలసట పోయింది. శుభ్రంగా, కొత్త రొట్టెలాంటి వాసన. లవంగం లేదు, ఆసుపత్రి లేదు. ఇంజినీరు కొత్త ఈస్టుతో చేసిన సగం అది. ఆయన వైపు చూశాను. గుక్క నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. మొహంలో చిన్న వెలుగు వచ్చింది. తన బిడ్డ గొంతు పదిమంది పిల్లల్లో గుర్తుపట్టిన తండ్రి మొహం అలాగే ఉంటుంది. ఆయనకు తెలిసింది. ఆ క్షణంలో నేనెంత సంతోషపడ్డానో చెప్పలేను.

"ఇందులో ఏమీ లేదయ్యా" అన్నారు డాక్టరు గారు. "సోడా!"

"క్యారెక్టర్ లేదు" అన్నాడు కెమిస్ట్రీ ప్రొఫెసరు.

"పల్చగా ఉంది" అన్నాడు పళ్ళ డాక్టరు.

డాక్టరు గారు ఇంజినీరు భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వేమంటావోయ్? ఇంజినీరువి."

ఇంజినీరు గ్లాసులోకి చూశాడు. మెట్ల మీద ఆయన భార్య ఇంకో పళ్ళెం బజ్జీలు పట్టుకుని నిలబడి ఉంది. "అవునండీ" అన్నాడు. "పల్చగానే ఉంది."

ఆ సీసాని అందరూ చేతులెత్తి చివర పెట్టారు. ఆయనా చెయ్యి ఎత్తాడు. మొదటి బహుమతి దేనికి వచ్చిందో ఊహించుకోగలరు. డాక్టరు గారి తోడుతో చేసిన ఇంజినీరు రెండో సగానికి! లవంగం అన్నిటికన్నా ఎక్కువగా అందులోనే ఉందని ఏకగ్రీవం.

"చెల్లెమ్మా, కన్ఫర్మ్ చెయ్యి మరి!"

"చెయ్యను" అన్నాను. "ఈ గదిలో బీరు ఒక్కటే ఉంది. మీరు చివర పెట్టింది. మిగతావన్నీ ఒకే తోడుతో చెడిపోయినవి. మీరు లవంగం అంటున్నది గాలి ఈస్టు వాసన. మా కంపెనీలో ఈ వాసన ఒక ట్యాంకులో వస్తే ట్యాంకు మొత్తం డ్రెయిన్లో పోస్తారు."

ఎత్తిన గ్లాసులు బల్ల మీదికి దిగాయి. డాక్టరు గారు మాత్రం కోపగించుకోలేదు. పెద్దగా నవ్వారు. "అదేంటమ్మా! లవంగం బ్రహ్మాండమని నువ్వే కదా మొదట్లో చెప్పింది?"

"నేను అనలేదండీ. ఈయన అన్నారు" అని మావారిని చూపించాను. అందరి చూపులూ ఆయన మీద పడ్డాయి. ఆయన చూపు బజ్జీల మీద పడింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఒక పళ్ళెంకేసి అంత శ్రద్ధగా చూడడం అప్పుడొక్కసారే చూశాను.

ప్రొఫెసరు అందుకున్నాడు. "వదినగారి టంగ్ కంపెనీ బీరుకి ట్యూన్ అయిపోయిందండీ. ఫ్యాక్టరీ టేస్ట్. మనది హ్యాండ్‌మేడ్." ఆహా! అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అన్నారా? పన్నెండు నెలలూ ఈస్టుతో కాపురం చేసే నాకు నాలుక లేదట, బజ్జీ నోట్లో పెట్టుకుని మాట్లాడేవాడికి ఉందట.

"ఇంతకీ ఆ చివరిది ఎవరిదిరా?" అన్నారు డాక్టరు గారు. ఇంజినీరు కార్పెట్ వైపు చూస్తున్నాడు. నేను నోరు తెరవబోయి ఆగాను. తన బిడ్డని తనే నాదనాలి, నేనెవర్ని? "ఎవడో షాపులో కొన్నది పోసి పెట్టుంటాడు. చీటింగ్!" అని పళ్ళ డాక్టరు తేల్చేశాడు. అంతా నవ్వారు. షాపు సరుకులా ఉందంటే ఇంట్లో బీరు కాచేవాడికి అంతకన్నా పెద్ద మెప్పు లేదు. ఆ మెప్పు వాళ్ళు తిట్టుగా విసిరారు, ఆయన తిట్టుగానే పుచ్చుకున్నాడు.

డాక్టరు గారు ఆయన్ని కౌగిలించుకుని, ట్రోఫీ చేతికిచ్చారు. "ఇంక ఆలోచించకు. బ్రూవరీ పెట్టేస్తున్నావ్. అక్కడెక్కడో కరోలినాలో స్క్రూలు బిగించుకుంటూ కూర్చుంటావా ఏంటి! నా తోడు నీకు లైఫ్‌టైమ్ ఫ్రీ!" చప్పట్లు మోగాయి. మెట్ల మీద నిలబడ్డ ఆమె పళ్ళెం అక్కడే మెట్టు మీద పెట్టేసి పైకి వెళ్ళిపోయింది.

నేను కోటు వేసుకుని బయటికొచ్చాను. మావారు వెనకాల వస్తారో లేదో కూడా చూసుకోలేదు. ఇంకా వెలుతురుంది. డ్రైవ్‌వేలో మా కారు దగ్గర నిలబడి తాళాలు వెతుక్కుంటుంటే, వెనక అడుగుల చప్పుడు. ఇంజినీరు. చలిలో కోటు లేకుండా వచ్చాడు. చేతిలో ట్రోఫీ ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

"అది నాదేనని నాకు తెలుసండీ. మొదటి గుక్కకే తెలిసింది."

"మీకు తెలుసని నాకూ తెలుసు."

"బాగుంది కదండీ?"

"చాలా బాగుంది" అన్నాను. నా ఉద్యోగంలో వాడకూడని మాట. ఆ రోజు వాడాను. "మా ప్యానెల్లో పెట్టినా నిలబడుతుంది."

ఆయన కళ్ళు తడిశాయి. ఇంత మంచి వార్త విని మనిషి అంత దీనంగా అవడం నేను మళ్ళీ చూడలేదు. "బీరు బాగుంది వదినగారూ. నేనే బాగాలేను" అన్నాడు. "పది మందిలో నా సీసా నాదని చెప్పలేకపోయాను. కొత్త ఈస్టుది గెలిస్తే బ్రూవరీ అన్నాను. అది ఓడింది. ఓడించినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఏం చెయ్యమంటారు?"

ఇంటిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. వంటింటి కిటికీలో ఆయన భార్య నిలబడి మమ్మల్నే చూస్తోంది. నాకు ఆయనమీద కోపం ఉంది, జాలి ఉంది, ఆ రెండింటికన్నా ఎక్కువగా బాధ ఉంది. ఆ చేతిలో పనితనం చూసినదాన్ని కదా. అయినా చెప్పాను.

"మీ చేతిలో పని ఉందండీ, సందేహం లేదు. కానీ బ్రూవరీ పెడితే రోజూ ఎవడో ఒకడు మీ సీసా బాగులేదంటాడు. ఇంకెవడో దాన్ని పాడుచేసి బాగుందంటాడు. రెండుసార్లూ 'కాదు' అనాలి. ఆ మాట మీరు ఇంత దగ్గరివాళ్ళతోనే అనలేకపోతే, బయటివాళ్ళు మిమ్మల్ని బతకనివ్వరు. క్యారీ వెళ్ళండి. ఉద్యోగంలో చేరండి."

ఆయన ట్రోఫీ చంకలో పెట్టుకున్నాడు. వాదించలేదు, సంజాయిషీ చెప్పలేదు, నా నాలుక ఫ్యాక్టరీదనలేదు. "సరేనండీ" అని లోపలికి వెళ్ళాడు. సోమవారం పొద్దున్నే కరోలినాకి ఫోను చేసి ఒప్పుకున్నాడని ఆయన భార్య షాపునుంచి నాకు ఫోను చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. సంతోషమో, మరొకటో, నేను అడగలేదు.

ఆ తర్వాత కూడా ఆ కంపెనీలో మరికొన్నేళ్ళు పనిచేశాను. ఎన్ని ట్యాంకుల్లో ఏముందో చెప్పానో, ఎందరి సీసాల్లో ఏం తప్పో చెప్పానో లెక్కలేదు. కంపెనీలో వినేవాళ్ళు, దానికే నాకు జీతం. ఊళ్ళోవాళ్ళు మాత్రం అడగడం మానలేదు, వినడం మొదలుపెట్టలేదు. మన తెలుగువాళ్ళలో నా అభిప్రాయం అడిగి, చివరిదాకా విని, దాని ప్రకారం నడుచుకున్న మగవాడు ఆ ఇంజినీరు ఒక్కడే. అదీ బీరు గురించి కాదు.